ఎటు నుంచి ఎటు: నార్టన్ కమాండర్, దాని వారసులు

నార్టన్ కమాండర్ని తలుచుకున్నవాళ్ళంతా ముందు దాని వేగాన్నే తలుచుకుంటారు. మౌసు అక్కర్లేదు, మెనూల్లో వెతుక్కోనక్కర్లేదు. టాబ్ ఒకటి, ఎఫ్5 ఒకటి, ఎంటర్ ఒకటి, పని అయిపోయింది. ముప్ఫయ్యేళ్ళ తరవాత కూడా ఆ నీలం తెర చూస్తే నా వేళ్ళు వాటంతటవే కదుల్తాయి కాబట్టి ఆ పొగడ్తలో అబద్ధం లేదని నేనే సాక్ష్యం చెప్పగలను. కానీ అది సగం మాట. 1995లో విజయనగరంలో ఒక రాత్రి ఒక పెద్దాయన మూడు వారాల కష్టాన్ని రెండు నిమిషాల్లో తుడిచిపెట్టింది కూడా ఆ వేగమే. మీట నొక్కిన వేలు నాది. అందుకని ఈ రెండు పలకల సాఫ్ట్‌వేర్ని ఒక పుస్తకాన్ని చదివినట్టు మళ్ళీ చదవాలనిపించింది. ఎక్కడ బాగుంది, ఎక్కడ తప్పింది, దాని కడుపున పుట్టినవి ఏం దిద్దుకున్నాయి అని.

చూడనివాళ్ళకి కాస్త చెప్పాలి. డాస్ రోజుల్లో కంప్యూటరు పెడితే నల్లటి తెర, దాని మీద ఒక మూల మినుకుమినుకుమనే గీత. ఏ ఫైలు ఎక్కడుందో చూడాలంటే ఒక ఆజ్ఞ టైపు చెయ్యాలి, జాబితా పైకి పరిగెత్తిపోతుంది, కళ్ళు దాని వెంట పరిగెత్తాలి. నార్టన్ కమాండర్ వచ్చి ఆ తెరని నిలువుగా రెండు సగాలు చేసింది. ఎనభై అక్షరాల వెడల్పులో ఒక్కో పలకకి నలభై. అందరూ ప్యానెల్ అనేవాళ్ళు, నాకు పలక అనడమే బాగుంటుంది. ఎడమ పలకలో ఒక డైరెక్టరీ, కుడి పలకలో ఇంకో డైరెక్టరీ. చుట్టూ జంట గీతల చట్రం. అడుగున డాస్ ఆజ్ఞల వరస అలాగే ఉంది, దాన్ని తీసెయ్యలేదు. దాని కింద పది మీటల పేర్లు: ఎఫ్3 చూడ్డానికి, ఎఫ్4 దిద్దడానికి, ఎఫ్5 కాపీకి, ఎఫ్6 పేరు మార్చడానికో జరపడానికో, ఎఫ్8 తీసెయ్యడానికి. టాబ్ కొడితే వెలుగుపట్టీ ఈ పలక నుంచి ఆ పలకకి దూకుతుంది. కంట్రోల్-ఓ కొడితే పలకలు రెండూ తెరలా తొలిగి వెనక డాస్ కనిపిస్తుంది.

దీన్ని రాసినాయన జాన్ సోచా. 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేసుకుంటూ, తన సౌకర్యం కోసం మొదలుపెట్టాడు. అప్పటికి పేరు వీడాస్, అంటే కంటికి కనిపించే డాస్. అంతకు ముందే ఆయన ఒక పత్రికలో శీర్షిక రాస్తూ, వాడకుండా వదిలేసిన తెరని నల్లగా చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి అచ్చువేశాడు. ఐబీఎం పీసీల మీద స్క్రీన్ సేవర్ అనేది అక్కణ్ణించే మొదలు. తరవాత పీటర్ నార్టన్ కంపెనీలో చేరాడు, 1986లో ఈ ప్రోగ్రాం నార్టన్ కమాండర్ పేరుతో బయటికొచ్చింది. పేరు ఒకరిది, పని ఒకరిది. మన సినిమా పాటల పుస్తకాల్లాగ. డబ్బా మీద నార్టన్ ఉండేవాడు, సోచా పేరు ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

దాని సమకాలికుల్లో ఎక్స్‌ట్రీ అని ఒకటుండేది, 1985 నాటిది. అది డిస్కుని చెట్టులా గీసి చూపించేది. చెట్టు అందంగానే ఉండేది. కానీ ఫైల్ని ఎక్కడికైనా పంపాలంటే ఆ 'ఎక్కడికి' అనేది నీ తలలో ఉండాలి, తెర మీద కాదు. సోచా చేసిన అసలు పని ఇక్కడుంది. ఉన్న చోటూ వెళ్ళబోయే చోటూ రెండూ ఒకే చూపులో, ఒకే హోదాలో, పని మొదలుపెట్టకముందే నీ ఎదురుగా పెట్టాడు. ఎవరన్నా ఈ పలకల్లో గొప్పేమిటని అడిగితే నా జవాబు ఇదే, వేగం కాదు. వేగం దీని వల్ల పుట్టిన కొసరు.

చాలామంది విండోస్ 95లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్‌కి కూడా రెండు గడులున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ అవి తల్లీపిల్లల్లాంటి గడులు. ఎడమవైపు చెట్టులో ఏ కొమ్మ మీద నొక్కితే కుడివైపు ఆ కొమ్మ ఆకులు కనిపిస్తాయి. రెండూ కలిపి ఒక్క చోటే. నార్టన్ కమాండర్ పలకలు వియ్యపు వారిలా ఎదురెదురుగా కూచుంటాయి. ఎవరిల్లు వాళ్ళది, ఇచ్చిపుచ్చుకోవడం మధ్యలో. ఈ తేడా పట్టుకోకుండా రాసిన చరిత్రలన్నీ పలకలు లెక్కపెట్టి ఊరుకుంటాయి.

ఇక మా ఊరి సంగతి. గంటస్తంభం నుంచి కోట వైపు వెళ్ళే దార్లో ఒక సందులో చిన్న డీటీపీ కొట్టు. నేను డిగ్రీ అయ్యి, ఉద్యోగం రాక, అక్కడ చేరాను. ఒక 386 మిషను, ఒక లేజర్ ప్రింటరు, గోడకి ఆనించి బటర్ పేపర్ కట్టలు. శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. తెలుగంతా విండోస్‌లో పేజ్‌మేకర్‌లో కొట్టేవాళ్ళం, కానీ ఫైళ్ళ బాగోగులన్నీ విండోస్‌లోంచి బయటికొచ్చేసి నార్టన్ కమాండర్లోనే. విండోస్ అంటే పని, కమాండర్ అంటే ఇల్లు సర్దుకోవడం. అది డబ్బిచ్చి కొన్నవాణ్ణి విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ నేను చూడలేదు. విశాఖపట్నం నుంచి ఎవరో ఫ్లాపీలో తెచ్చారు, వాళ్ళకి హైదరాబాదు నుంచి ఇంకెవరో. నార్టన్ కమాండర్ని నార్టన్ కమాండర్తోనే కాపీ కొట్టుకునేవాళ్ళం, అదొక వింత. దాంతో పాటు పుస్తకం రాదు, నేర్పేవాడు రాడు. అడుగున ఉన్న ఆ పది మీటల పేర్లే మాకు పెద్దబాలశిక్ష. ఒక సాఫ్ట్‌వేర్ తన్ను తానే నేర్పుకోవడం అంటే అది. ఆ విషయంలో మాత్రం దాన్ని ఎంత పొగిడినా తక్కువే.

ఆయన ఆమదాలవలస నుంచి పాసింజర్లో వచ్చేవారు. రిటైరైన మాస్టారు. పొందూరు ఖద్దరు చొక్కా, చేతిసంచీలో పాత పత్రికల్లోంచి కత్తిరించిన కథలు. ఇరవయ్యేళ్ళలో వేర్వేరు పత్రికల్లో పడ్డ కథలు పద్నాలుగు, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకుంటున్నారు. నేను పత్రికల్లో ఉన్నది ఉన్నట్టు టైపు చేసి ప్రూఫులిచ్చాను. మొదటి ప్రూఫు చూసి కళ్ళద్దాలు తీసేశారు.

"ఇదేటి బాబూ, మా ముసిల్ది 'లేదు' అంటాదేటి? నేను 'నేదు' అని రాసేను. పత్రికవోళ్ళు దిద్దీసేరు."

"మరి అప్పుడు అడగలేదా మాస్టారూ?"

"అడిగితే తరవాత కథ వేస్తారేటి?"

అప్పణ్ణించి మూడు వారాలు, వారానికి రెండు సాయంత్రాలు, నా పక్కన స్టూలు వేసుకుని కూచుని ఆ మాటలన్నీ వెనక్కి తెచ్చుకున్నారు. చాలావరకు కాగితం మీద రాసినవి కావు. వాక్యం పైకి చదివి, ఆగి, ఆ మనిషి అలా అంటుందా అనదా అని తనలో తాను గొణుక్కుని, నోటితో చెప్పేవారు, నేను దిద్దేవాణ్ణి. 'వచ్చేశాడు' పోయి 'వొచ్చీసేడు' అయ్యేది. గిడుగు రామమూర్తి గారి జిల్లావాళ్ళకి వ్యావహారికం కోసం పోట్లాట ఎప్పుడో గెలిచామని ఒక నమ్మకం. కానీ గెలిచిన వ్యావహారికం ఏ జిల్లాదో మాస్టారు ఆ స్టూలు మీద కూచుని నాకు చూపించారు.

ఆ దిద్దుబాట్లు పూర్తయిన రాత్రి వాటిని ఫ్లాపీలోకి ఎక్కించి భద్రం చేద్దామనుకున్నాను. ఫ్లాపీలో అప్పటికే అవే పేర్లతో పద్నాలుగు ఫైళ్ళున్నాయి, మూడు వారాల కిందటివి, అంటే దిద్దకముందువి. ఒక పలకలో హార్డ్ డిస్కు, ఒక పలకలో ఫ్లాపీ. పద్నాల్గింటినీ ఇన్సర్ట్ మీటతో పసుపు చేసి, ఎఫ్5 కొట్టి, ఎంటర్ కొట్టాను. ఈ పేరుతో ఫైలుంది, దాని మీద రాసెయ్యమంటావా అని అడిగింది. అన్నిటికీ అని చెప్పాను. ఫ్లాపీ గరగరమంది. ఆ గరగర ముందు రావడం, హార్డ్ డిస్కు లైటు తరవాత వెలగడం, వరస తప్పినట్టు నా చెవికి తెలిసింది గానీ నా బుర్రకి తెలిసేసరికి అయిపోయింది. వెలుగుపట్టీ ఫ్లాపీ పలకలో ఉంది. పాతవి వెళ్ళి కొత్తవాటి మీద కూచున్నాయి.

ఇప్పుడు విమర్శకుడి కుర్చీలోంచి చూస్తే తప్పులో సోచా వాటా ఎంత, నా వాటా ఎంత?

ముందు ఆయనకి రావలసింది ఇచ్చెయ్యాలి. ఆ రోజుల్లో డాస్ కాపీ ఆజ్ఞకి అడగడమనేదే తెలీదు. అక్కడ అదే పేరుతో ఫైలుంటే మాటాపలుకూ లేకుండా దాని మీద రాసేసేది. 1993లో వచ్చిన 6.2 దాకా డాస్‌కి ఆ మర్యాద అబ్బలేదు. కమాండర్ అంతకంటే ముందునుంచీ అడుగుతూనే ఉంది. కాపీ చేసేముందు ఎక్కడికి చేస్తున్నదీ ఒక చిన్న గడిలో రాసి చూపిస్తుంది కూడా. నేను చదవలేదు. రోజుకి వందసార్లు చూసే గడిని ఎవరు చదువుతారు?

కానీ ఇక్కడే ఒక లోపం ఉంది, అది వేగాన్ని పొగిడేవాళ్ళకి కనిపించదు. డాస్ ఆజ్ఞ ఎంత మొరటుదైనా ఒక వాక్యం. ముందు వచ్చిన పేరు 'నుంచి', వెనక వచ్చిన పేరు 'కి'. ఆ వరస మారదు. టైపు చేసేవాడు ఏది ఎటు వెళ్తోందో ప్రతిసారీ తన వేళ్ళతో చెప్పి తీరాలి. పలకల్లో ఆ విభక్తులు రాలిపోయాయి. ఎడమంటే 'నుంచి', కుడంటే 'కి' అని ఏమీ లేదు. వెలుగుపట్టీ ఎక్కడుంటే అది 'నుంచి', రెండోది 'కి'. ఒక్క టాబ్ కొడితే అర్థం తలకిందులు. రెండు పలకలకీ సమాన హోదా ఇవ్వడం దాని గొప్పతనమని పైన అన్నాను కదా, ఆ సమానత్వంలోనే ఈ గోతి ఉంది. తేడా చూపించే గుర్తు తెరంతటికీ ఒక్కటే, ఆ సన్నటి పట్టీ. రెండు చోట్లా ఒకే పేర్లున్నప్పుడు రెండు పలకలూ అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. అద్దం ముందు నిలబడి ఏది కుడిచెయ్యో చెప్పమంటే ఎంతటివాడైనా ఒక్క క్షణం తడబడతాడు.

రెండోది, పలకకి రెండు వేషాలుండేవి. పూర్తి వేషంలో పేరు పక్కన సైజు, తేదీ, టైము కనిపిస్తాయి. క్లుప్త వేషంలో పేర్లు మాత్రమే, మూడు వరసల్లో. ఎక్కువ ఫైళ్ళు ఒకేసారి కనిపిస్తాయని నాకు తెలిసినవాళ్ళంతా క్లుప్తంలోనే పెట్టుకునేవాళ్ళం. అంటే ఏది పాతది ఏది కొత్తది అని చెప్పే ఒకే ఒక్క సాక్షిని మేమే గెంటేశాం. ఉన్నా లాభమేముందిలెండి, మా మిషన్లో బ్యాటరీ పోయి, పొద్దున్న తేదీ కొట్టడం మర్చిపోతే ఆ రోజు పుట్టిన ఫైళ్ళన్నీ 1980 జనవరి 1న పుట్టినట్టు రాసుకునేది. సైజు మాత్రం అబద్ధం చెప్పదు. దిద్దిన కథలు కాస్త పెద్దవయ్యాయి. అది చూసినా సరిపోయేది.

అదే నార్టన్ పేరుతో పోయిన ఫైళ్ళని బతికించే ప్రోగ్రాం ఇంకోటుండేది. డాస్ ఒక ఫైల్ని తీసేసినప్పుడు నిజానికి తుడవదు, పేరులో మొదటి అక్షరం మాత్రం చెరిపేసి ఈ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. ఆ అక్షరం మనం గుర్తు తెచ్చుకుని చెప్తే, అదృష్టం బాగుంటే, ఫైలు లేచి కూచుంటుంది. ఆ రాత్రి ఒంటిగంట దాకా దాంతో కుస్తీ పట్టాను. తీసేసిన ఫైలైతే బతికేదేమో. ఇది తీసేసింది కాదు, పాతది కొత్తదాని పేరు పెట్టుకుని దాని ఇంట్లో కాపరం పెట్టింది. అలాంటి చావుకి ఏ నార్టనూ మందు రాయలేదు.

కమాండర్ వంశం అమెరికాలో పెద్దగా పెరగలేదు. సిమాంటెక్ 1990లో నార్టన్ కంపెనీని కొనేసింది, ఆ తరవాత కొత్త కూర్పులొచ్చాయి గానీ పట్టించుకున్న దాఖలా లేదు. వంశం నిలబెట్టింది తూర్పు ఐరోపా. అక్కడా మా దగ్గరలాగే ఫ్లాపీలే దుకాణాలు, ఒకరి నుంచి ఒకరికి చేరడమే అమ్మకం. ఉక్రెయిన్లో వ్సెవలోద్ వోల్కోవ్ అనే ఆయన మొత్తం కమాండర్ని అసెంబ్లీ భాషలో మళ్ళీ రాసి, 64 కిలోబైట్లలోపు ఒకే ఒక్క ఫైల్లో కుక్కాడు. దాన్ని నేను తరవాత రోజుల్లో వాడాను. చిన్న ఇంట్లో సర్దుకోవడం తెలిసిన ఇల్లాలి పనితనం అది. మోల్డోవాలో డాస్ నావిగేటర్ తయారైంది. అందులో టెట్రిస్ ఆట, మోడెంతో మాట్లాడే కిటికీ, లెక్కలేసే పట్టికలు, ఏది అడిగితే అది. నాకు నచ్చలేదు. రెండు పలకల బిగువంతా పోయి సంతలా తయారైంది. మెక్సికోలో మిగెల్ ది ఇకాజా అనే కుర్రాడు 1994లో యూనిక్స్ లోకానికి మిడ్‌నైట్ కమాండర్ రాశాడు. అందులో ఒక పలక నీ ఇంట్లో ఉంటే రెండో పలక దూరంగా వేరే మిషన్లో ఉండొచ్చు, లేదా మూటగట్టిన ఒక ఫైలు పొట్టలో ఉండొచ్చు. 'చోటు' అనే మాటకి అర్థం పెంచింది అదీ, దాని తోటివీ. స్విట్జర్లాండులో క్రిస్టియన్ గిస్లర్ 1993లో విండోస్ కమాండర్ మొదలుపెట్టి, మైక్రోసాఫ్ట్ ఆ పేరు మీద అభ్యంతరం చెప్తే 2002లో టోటల్ కమాండర్ అని మార్చుకున్నాడు. ఈ జాతి మొత్తానికి కొందరు ఆర్థడాక్స్ అని పేరు పెట్టారు. తెలుగులో సనాతనం అనాలేమో. నవ్వొస్తుంది గానీ, పది మీటలూ పదేళ్ళ తరవాత పుట్టిన పిల్లలకి కూడా అదే వరసలో అప్పగించిన సంప్రదాయానికి ఇంకేం పేరు పెడతాం?

వీటన్నిటిలో నా గుండెకి దగ్గరది ఫార్. రష్యాలో యూజీన్ రోషల్ 1996లో రాసింది, రార్ మూటలు కట్టే ప్రోగ్రాం కూడా ఆయనదే. ఫార్‌లో ఒక ఫైలు మీద ఇంకోటి రాయబోతే వచ్చే ప్రశ్నని చూడండి. కొత్తది ఇంత సైజు, ఫలానా తేదీ. ఉన్నది ఇంత సైజు, ఫలానా తేదీ. ఇప్పుడు చెప్పు, రాయనా? మొదటిసారి ఆ గడి చూసినప్పుడు నేను మీట నొక్కకుండా చాలాసేపు అలాగే కూచున్నాను. ఎక్కడో నాలాంటివాడు ఎవడో ఏదో పోగొట్టుకుని ఉంటాడు, ఈయనకి తెలిసి ఉంటుంది అనిపించింది. నా ఊహే కావచ్చు. కానీ పలకల్లోంచి రాలిపోయిన విభక్తుల్ని ఆ గడి తిరిగి తెచ్చిపెట్టింది.

ఇంతవరకూ చెప్పిన లోపం ప్రపంచంలో ఎవరికైనా లోపమే. మనకి మాత్రమే ఉన్న లోపం ఇంకొకటుంది. ఈ పలకలు మన ఫైలు ఎక్కడుందో చూపించాయి గానీ ఏముందో ఎప్పుడూ చూపించలేదు. ఇంగ్లీషువాడు, రష్యావాడు ఎఫ్3 కొడితే వాడి ఉత్తరం వాడికి కనిపిస్తుంది. మాకు కనిపించేది చెత్త. పేజ్‌మేకర్లో కొట్టిన తెలుగు ఏ కంపెనీ ఫాంటులో కొట్టామో ఆ ఫాంటుకి తప్ప ఎవరికీ తెలియని గూఢలిపి. ప్రభుత్వం వైపు నుంచి సీడాక్ వాళ్ళ జిస్ట్ కార్డు ఉండేది, దానికి ఇస్కీ అనే కోడు, 1991లో భారత ప్రమాణం కూడా అయింది. ఆ కార్డున్న మిషను మీద డాస్‌లోనే తెలుగు కనిపించేది. లేని మిషను మీద అదే ఫైలు తెరిస్తే? ఇస్కీలో తెలుగు అక్షరాలకి ఇచ్చిన అంకెలే ఐబీఎం పీసీలో గీతలకీ మూలలకీ ఇచ్చినవి. క అంటే ఒంటి నిలువుగీత. కమాండర్ తన పలకల చట్రం గీసుకునే జంట నిలువుగీత 'జ', జంట అడ్డగీత 'య'. కారా మాస్టారి 'యజ్ఞం' పేరు తీసుకోండి. ఆ మాటని ఇస్కీలో రాసి మామూలు మిషను మీద ఎఫ్3 కొడితే ఒక జంట అడ్డగీత, ఒక జంట నిలువుగీత, ఒక గ్రీకు అక్షరం, పెట్టెకి కుడి కింది మూల, నెత్తిన గీతున్న ఒక సున్నాలాంటి ఓ కనిపిస్తాయి. తెలుగు కథ విరిగిన కిటికీ చట్రంలా పడుంటుంది. ఈ కాకతాళీయం మీద నేను వేదాంతం చెప్పబోవడం లేదు. కానీ ఆ రాత్రి పాత ఫైలేదో కొత్త ఫైలేదో ఎఫ్3 కొట్టి చూసుకోవడం నాకు సాధ్యం కాలేదంటే కారణం ఇది. 'లేదు'కీ 'నేదు'కీ తేడా చూడ్డానికి పేజ్‌మేకర్లో ఒక్కొక్క కథా తెరవాలి, ఆ 386 మీద ఒక్కో కథకి రెండేసి నిమిషాలు.

కాగితానికి ఈ జబ్బు లేదు. మా ఊరి కన్యాశుల్కమే ఉంది. గురజాడ 1897లో ఒకటి అచ్చువేశారు, 1909లో దాన్ని ఎంతో పెంచి మార్చి ఇంకోటి అచ్చువేశారు. లోకం రెండోదాన్నే కన్యాశుల్కం అంటుంది. అయినా మొదటిది ఎక్కడో అలమారల్లో బతికే ఉంది, బంగోరె 1969లో దాన్ని వెతికి 'మొట్టమొదటి కన్యాశుల్కం' అని మళ్ళీ వేస్తే ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాం. ఆ చదువు ఎంత లాభమో ఆ నాటకం మీద రాసినవాళ్ళని అడగండి. ఎడమ పలకలో 1897, కుడి పలకలో 1909. గురజాడ దగ్గర 386 ఉండి ఉంటే మనకి రెండో పలకే మిగిలేది.

మా సంఘటన జరిగిన రెండేళ్ళకి, 1997 ఫిబ్రవరిలో, శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు కథానిలయం తెరిచారు. మొదటిసారి వెళ్ళినప్పుడు అందరూ పుస్తకాలు చూస్తుంటే నేను పత్రికల వైపు వెళ్ళాను. సంపుటాలు మాత్రమే దాస్తే సరిపోదని, కథ మొదట పడ్డ పత్రిక కూడా ఉండాలని పట్టుబట్టినచోటు అది. రచయిత తరవాత దిద్దుకున్నదీ ఉండాలి, సంపాదకుడు ముందు దిద్దిందీ ఉండాలి. ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూసుకోవాలంటే రెండూ ఒకేసారి కంటి ముందుండాలి కదా. పత్రికల కట్టల మధ్య మాస్టారి కథ ఒకటి దొరికింది కూడా. ముసిల్ది 'లేదు' అంటోంది, శుభ్రంగా, అచ్చుతప్పు లేకుండా.

ఇప్పుడు నా ఫోన్లో ఒక ఫైలు ఎక్కడుందో నాకు తెలీదు. నాకే కాదు, ఎవరికీ తెలీదు. పంచుకో అనే బొమ్మ నొక్కుతాం, ఎటో వెళ్తుంది. 'నుంచి' లేదు, 'కి' ఉంటే ఉంది. దీన్ని సుఖం అంటున్నారు. పాత చింతకాయ పచ్చడి అనుకున్నా సరే, నేను ఇంట్లో కంప్యూటర్లో టోటల్ కమాండర్ వాడతాను, పూర్తి వేషంలో, సైజూ తేదీ కనిపించేలా. తెలుగు పేర్లు చక్కగా కనిపిస్తాయి. ఫార్ మీద ప్రేమ ఉన్నా దాని నల్లటి కన్సోల్‌లో తెలుగు ఫైలుపేరు డబ్బాల వరసే అవుతుంది. సనాతనులు మన దాకా పూర్తిగా రాలేదు.

మర్నాడు మాస్టారికి చెప్పాను. ఫోన్లో చెప్పే ధైర్యం లేక పాసింజర్ ఎక్కి ఆమదాలవలస వెళ్ళి చెప్పాను. అరుగు మీద కూచుని విన్నారు. కోప్పడితే బాగుండునని ఉంది నాకు.

"పద్నాలుగూ పోయేయా?"

"పద్నాలుగూనండి."

"మూలవి ఉన్నాయి కదా. పత్రికవి."

"అవే ఉన్నాయండి. అవే వెళ్ళి వీటి మీద కూచున్నాయి."

ఆయనకి నవ్వొచ్చింది. "మళ్ళీ వోళ్ళే గెలిచీసేరన్నమాట" అన్నారు.

ప్రెస్సుకి డేటు ఇచ్చేశారు, ఆయన అమ్మాయి పెళ్ళి ముహూర్తం కూడా దగ్గర్లోనే ఉంది. ఉన్న నాలుగు రోజుల్లో, రాత్రిళ్ళు కూచుని, తొమ్మిది కథలు మళ్ళీ దిద్దాం. కొన్నిచోట్ల మొదట ఏమని చెప్పారో ఆయనకే గుర్తు రాలేదు, వేరే మాట చెప్పారు. అది మొదటిదాని కంటే బాగుందో లేదో తేల్చడానికి మొదటిది లేదు. ఐదు కథలు పత్రికల భాషలోనే అచ్చయిపోయాయి.

పుస్తకం వచ్చాక నాకో కాపీ ఇచ్చారు. ఇంటికొచ్చి తెరిస్తే, ఆ ఐదు కథల్లో ఒక దానిలో, ముసలమ్మ మాట్లాడిన ప్రతిచోటా నీలం ఇంకుతో 'లే' కొట్టేసి పైన 'నే' రాసి ఉంది. పదకొండు చోట్ల. మిగతా నాలుగు కథల్లో ఏమీ లేదు.